బస్సు దిగితే నది

ఉక్కునగరం భిలాయి పొరుగున శివనాథ్ నది ప్రవహిస్తున్నది. దాని లోయలో కాలినడకన తిరిగి రావడానికి కావలసినవి ఒక ఆదివారం, బస్సు చార్జీ, ఒక జత గట్టి చెప్పులు.

దుర్గ్ బస్‌స్టాండులో తెల్లవారడం టీ వాసనతోను, కండక్టర్ల కేకలతోను మొదలవుతుంది. రాజ్‌నాంద్‌గావ్, బాలోద్, ధమ్‌ధా, కవర్ధా అంటూ ఊళ్ళ పేర్లను వారు రాగం తీసి పిలుస్తుంటారు. బస్సు కప్పు మీదికి ఖాళీ బుట్టలు, సైకిలు చక్రాలు, ఎరువుల బస్తాలు ఎక్కుతుంటాయి. చేతిసంచితో వచ్చిన ముసలమ్మను కండక్టరు "దాయీ" అని పిలిచి, కిటికీ పక్కన చోటు చూపిస్తాడు. దాయి అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మ.

ఈ బస్సులెక్కే వారిలో చాలామంది పని మీద పోయేవారే. ఒకరికి కోర్టు వాయిదా, ఒకరికి పెళ్ళి, మరొకరికి ఆస్పత్రి. కేవలం నడవడానికి, నదిని చూడడానికి బస్సెక్కేవారు అరుదు. పక్కనే ఉన్న భిలాయి సెక్టార్లలో పుట్టి పెరిగి, శివనాథ్‌ను రైలు కిటికీలోంచి తప్ప చూడనివారు కూడా ఉన్నారు. బొంబాయి-హౌరా లైనులో వెళ్ళే రైలు దుర్గ్ దాటి రస్‌మరా చేరేలోగా వంతెన మీద ఒక్క నిమిషం దడదడమంటుంది. ఆ నిమిషంలో కనబడిన నీటి మెరుపే వారికి తెలిసిన నది.

భిలాయికి ఈ నేలతో పరిచయం కొత్తదేమీ కాదు. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి పనివారు తరలివచ్చారు. వారిలో తెలుగువారు గణనీయంగానే ఉన్నారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరంలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. మూడు షిఫ్టుల జీవితం, వరుసలు తీర్చిన క్వార్టర్లు, నీడనిచ్చే విశాలమైన వీధులు. పట్టణం తనకు తాను సంపూర్ణంగా ఉండేటట్టు కట్టుకున్నారు. బహుశా అందుకే దాని పొలిమేర అవతల ఏమున్నదో చూడవలసిన అవసరం చాలామందికి కలగలేదు.

అయితే చూడవలసిన అవసరం ఉన్నది. ఈ నది ఒకప్పుడు ఒక కాగితం మీద చేజారింది. ఆ సంగతికి వచ్చే ముందు నదిని చూడడం న్యాయం.

గోదావరికి చుట్టం

లోయ అనగానే మనకు ఇరువైపుల కొండలు, నడుమ ఇరుకున పారే నీరు స్ఫురిస్తాయి. దుర్గ్ దగ్గర అటువంటిదేదీ కనబడదు. ఇది మైదానంలో పరుచుకున్న లోయ. వరిమళ్ళు మెల్లమెల్లగా వాలుతూ వచ్చి, చివర తుమ్మచెట్ల వరుస దగ్గర హఠాత్తుగా తెగిపోతాయి. కింద, రెండు నిలువుల లోతున, నది ఉంటుంది. దగ్గరికి పోయేవరకు అది ఉన్నదని తెలియదు. కాలినడకన వెళ్ళేవారికే ఈ ఆశ్చర్యం దక్కుతుంది.

శివనాథ్ నైరుతి దిక్కున, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొని ఉన్న పానాబరస్ కొండల ప్రాంతంలో పుడుతుంది. సుమారు 290 కిలోమీటర్లు ప్రవహించి, శివరీనారాయణ్ సమీపాన మహానదిలో కలుస్తుంది. మహానది ఉపనదులలో దీనికి పెద్దపీట. తాందులా, ఖార్‌ఖరా, ఆమ్‌నేర్, ఖారూన్, హాంప్, మనియారీ, అర్పా మొదలైన ఏరులన్నీ దీని సంతానమే.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటున్నది. శివనాథ్ పుట్టిన ఆ కొండల నాడులోనే, మోహలా వైపున, కోట్రీ అనే మరొక నది పుడుతుంది. అది దక్షిణానికి తిరిగి, ఇంద్రావతిలో కలిసి, ఇంద్రావతితో పాటు గోదావరిని చేరుతుంది. ఆ గట్ల మీద కురిసిన వానలో కొంత దుర్గ్ మీదుగా ఒడిశా తీరానికి పోతుంది. కొంత భద్రాచలం మీదుగా ధవళేశ్వరం వస్తుంది. ఒక్క చెట్టు అటున్నదా, ఇటున్నదా అన్నదానిని బట్టి నీటిచుక్క తలరాత మారిపోతుంది. శివనాథ్ మనకు పరాయి నది కాదు. గోదావరికి పుట్టింటి చుట్టం.

పాదాల కింది రాయి కూడా తెలిసినదే. ఛత్తీస్‌గఢ్ మైదానం అడుగున సున్నపురాయి, షేల్ పొరలు పరచుకొని ఉన్నాయి. పూర్వపు భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని కడప శిలలతో పోల్చారు. ఇక్కడి ఇళ్ళకు గచ్చుగా పరిచే 'ఫర్షీ పత్థర్'ను చూస్తే కడప, కర్నూలు వాసులు నాపరాయి అని ఇట్టే గుర్తుపడతారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు నది అడుగున ఆ రాయి పలకలు పలకలుగా బయటపడుతుంది.

మొదటి నడక: వంతెన నుంచి బొమ్మల ఊరికి

రాజ్‌నాంద్‌గావ్ పోయే బస్సు ఏదైనా జాతీయ రహదారి మీద శివనాథ్ వంతెన దాటుతుంది. వంతెన దాపున దిగితే నగరం అప్పుడే వెనకబడినట్టు అనిపిస్తుంది. దగ్గరలోనే మహ్‌మరా ఆనకట్ట ఉన్నది. స్థానికులు దానిని 'ఎనీకట్' అంటారు. ఈ మాట ప్రయాణం చిత్రమైనది. దక్షిణాది ఆనకట్ట ఇంగ్లీషు ఇంజనీర్ల నోట 'ఎనికట్' అయింది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టడం పూర్తయిన తరువాత అది ఇంజనీరింగు పుస్తకాలలో మరింత స్థిరపడి, హిందీలోకి దిగి, ఇప్పుడు శివనాథ్ ఒడ్డున చేపలు పట్టే పిల్లవాడి నోట పలుకుతున్నది.

వానాకాలంలో ఆనకట్ట మీదుగా నీరు పొర్లుతున్నప్పుడు చూడడానికి జనం వస్తారు. చూసి ఆనందించవలసినదే కాని, దాని మీద కాలు పెట్టకూడదు. ఎగువన మొంగ్రా బ్యారేజీ నుంచి నీరు వదిలితే, దుర్గ్‌లో చినుకు పడకపోయినా నది పొంగుతుంది.

అవతలి ఒడ్డున అంజోరా. 2012లో ఏర్పడిన కామధేను విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నది. దానికి ముందునుంచీ ఉన్న పశువైద్య కళాశాల వలన ఊరి పేరు రైతులకు సుపరిచితం. అంజోరా వైపు నుంచి పొలాల మధ్యగా థనౌద్ గ్రామానికి దారి ఉన్నది. థనౌద్ బొమ్మల ఊరు. వినాయక చవితికి, దసరాకు ముందు ఆ ఊరి ఇళ్ళ ముంగిళ్ళన్నీ మట్టి విగ్రహాలతో నిండిపోతాయి. వెదురు బద్దలు, వరిగడ్డి, పైన మట్టి. తలలేని మొండెం ఒకచోట, ఆరబెట్టిన చేతులు మరొకచోట. నది ఇచ్చిన మట్టి దేవుడై, పూజలందుకొని, మళ్ళీ నీటిలోనే కలుస్తుంది. ఏరు పొంగిన ఏడాది ఆ ఊరికి కష్టకాలం. ఆరని విగ్రహాల మధ్యకు నీరు వస్తే నెలల శ్రమ ఒక్క రాత్రిలో కరిగిపోతుంది. ఏరుకు దగ్గరగా బతికేవారు దాని మంచిని, చెడును రెండింటినీ భరిస్తారు.

రెండవ నడక: నాగ్‌పురా వైపు

దుర్గ్ నుంచి జాల్‌బాంధా దారిన సుమారు 14 కిలోమీటర్లలో నాగ్‌పురా వస్తుంది. శివనాథ్ పడమటి గట్టున వెలసిన పార్శ్వనాథ తీర్థం ఇక్కడి ప్రసిద్ధ జైన క్షేత్రం. యాత్రికులు చాలామంది గుడి చూసుకొని వచ్చిన బండిలోనే తిరిగిపోతారు. నడవదలచినవారు గుడి దగ్గర ఆగక నది దిక్కుగా పొలంగట్లు పట్టాలి.

దారిలో మట్టి రంగులు మారుతుంటాయి. ఛత్తీస్‌గఢ్ రైతుకు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పేరున్నది. నల్లరేగడిని కన్హార్ అంటాడు. పసుపు వన్నె నేల మటాసీ. రెండింటికీ మధ్యరకం డోర్సా. ఏమీ పండని ఎర్రగరప నేల భాటా. నది దగ్గరపడిన కొద్దీ నేల నల్లబడుతుంది. వరి కోతకు ముందే, మడిలో తడి ఆరకుండానే, తివరా గింజలు చల్లుతారు. వరి కోసేసరికి ఆ మొక్క నిలదొక్కుకుంటుంది. ఒక్క దుక్కి లేకుండా రెండవ పంట! ఈ పద్ధతిని ఉతేరా అంటారు. పౌష మాసంలో వెళితే ఊదా రంగు తివరా పూలు మోకాలి ఎత్తున పరుచుకొని ఉంటాయి.

గట్ల మీద మోదుగలు, తుమ్మలు, ఏటి అంచున తెల్లమద్దులు. మోదుగను ఇక్కడ పర్సా అని, తెల్లమద్దిని కౌహా అని పిలుస్తారు. ఫాల్గుణంలో మోదుగలు ఆకురాల్చి ఎర్రగా పూసినప్పుడు ఈ నడకకు సాటి లేదు. నీటికాకులు, లకుముకి పిట్టలు ఏడాది పొడుగునా కనిపిస్తాయి. శీతకాలంలో జిట్టంగి పిట్టలు తోకలాడిస్తూ ఇసుక మీద పరుగెత్తుతుంటాయి. వేసవి వచ్చేసరికి నది మడుగులుగా విడిపోతుంది. అప్పుడు బయటపడిన ఇసుకలో పుచ్చ, దోస పాదులు వెలుస్తాయి. అది పట్టాలేని సేద్యం. వరద వచ్చేదాకా ఇసుక ఎవరు దున్నితే వారిది.

మధ్యాహ్నం చెట్టు నీడన రైతు విప్పే గిన్నెలో బోరే బాసీ ఉంటుంది. రాత్రి అన్నం నీళ్ళలో నానవేసినది, పక్కన ఉల్లిపాయ, మిరపకాయ. మన చద్దన్నమే. చద్దన్నం తిని పెరిగిన తెలుగువాడికి ఆ గిన్నె ముందు దుబాసీ అక్కరలేదు.

మూడవ నడక: కుళాయి నీటి జన్మస్థానం

బాలోద్ బస్సెక్కితే దక్షిణంగా 60 కిలోమీటర్ల ప్రయాణం. 2012లో జిల్లా కేంద్రమైన బాలోద్ పట్టణాన్ని ఆనుకొనే తాందులా జలాశయం ఉన్నది. తాందులా, సూఖా అనే రెండు ఏరులు కలిసేచోట కట్టిన ఈ ఆనకట్ట 1921లో పూర్తయింది. 1899-1900 నాటి ఘోరక్షామం తరువాత, వానను మాత్రమే నమ్ముకున్న వరిసీమకు కాలువ నీరు ఇవ్వాలన్న ఆలోచన బలపడిన కాలమది.

కట్ట మీద నడుస్తుంటే ఒక పక్క నీలిరంగు నీరు, దూరాన కొండల వరుస. మరొక పక్క దిగువన పచ్చని ఆయకట్టు. గాలి ఎప్పుడూ తెరపి ఇవ్వదు. ఇక్కడ నిలబడి భిలాయి వాసి తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. అతని ఇంటి కుళాయి నీరు, కర్మాగారంలో ఎర్రని ఉక్కును చల్లార్చే నీరు చిరకాలంగా ఈ తాందులా సముదాయం నుంచే కాలువ పట్టి వచ్చి, మరోడా చెరువులలో చేరుతున్నది. తరువాతి కాలంలో మహానది జలాశయాల నీరు కూడా తోడైంది. భారత-సోవియట్ మైత్రికి గుర్తుగా 1972లో వెలసిన మైత్రీబాగ్‌కు పిల్లలను తీసుకుపోయే తల్లిదండ్రులు అక్కడి మరోడా నీటిని చూసే ఉంటారు. ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే మాత్రం బాలోద్ టిక్కెట్టు తీసుకోవాలి.

దల్లీ-రాజ్‌హరా గనుల నుంచి ఇనుపరాయి, తాందులా నుంచి నీరు, నందినీ గని నుంచి సున్నపురాయి. 260 మీటర్ల పొడవైన రైలుపట్టాలను తయారుచేసే ఆ మహాకర్మాగారం ఈ లోయ పెట్టిన అన్నం తిని పెరిగినదే.

దూరపు నడకలు

తెల్లవారుజామున బయలుదేరగలిగిన వారికి రాయ్‌పూర్-బిలాస్‌పూర్ రహదారి మీద మరి రెండు మజిలీలున్నాయి. సిమ్‌గా సమీపాన సోమనాథ్ దగ్గర ఖారూన్ నది శివనాథ్‌లో కలుస్తుంది. రాయ్‌పూర్ నగరపు నది వచ్చి దుర్గ్ నగరపు నదిని కలుసుకునే ఆ సంగమం మీద శివాలయం ఉన్నది. ఇంకా ముందుకు పోతే బైతల్‌పూర్ దగ్గర మద్కూ ద్వీపం. శివనాథ్ రెండు పాయలై చుట్టివచ్చిన ఈ లంక వైశాల్యం సుమారు 24 హెక్టార్లు. 2011 నాటి తవ్వకాలలో ఇక్కడ పురాతన ఆలయాల పునాదులు బయటపడ్డాయి. అదే లంకలో 1909 నుంచి ఏటా ఫిబ్రవరిలో క్రైస్తవుల మేళా జరుగుతున్నది. నది ఎవరి మతమూ అడగదు. అడ్డం లేని చోట అందరూ దిగుతారు.

ఒక కవి భయం, కార్మికుల సాహసం

అందరూ దిగడం అనే మాట అంత తేలికైనది కాదు. దాని వెనుక చాలా దేశాలలో పెద్ద చరిత్ర ఉన్నది.

ఇంగ్లండులో సరస్సుల సీమను కాలినడకన తిరిగి, ఆ అందాన్ని లోకానికి చాటిన కవి విలియం వర్డ్స్‌వర్త్. ఆ ప్రాంతాన్ని గురించి యాత్రికులకు దారి చూపే పుస్తకం కూడా ఆయన రాశాడు. అటువంటి కవి 1844లో, కెండాల్ నుంచి విండర్‌మియర్‌కు రైలు వేస్తారనగానే గట్టిగా వ్యతిరేకించాడు. మిల్లు పట్టణాల జనం బండ్లెక్కి వచ్చిపడితే ఆ ఏకాంతం భగ్నమవుతుందని ఆయన భయం. ప్రకృతిని ప్రేమించిన మనిషి, దానిని నలుగురితో పంచుకోవడానికి జంకాడు. ఆయన అభ్యంతరాన్ని లెక్కచేయక రైలు వచ్చింది.

సరిగా 88 ఏళ్ళకు దీనికి మరొక జవాబు వచ్చింది. 1932 ఏప్రిల్ 24న, మాంచెస్టర్ పరిసరాల మిల్లులలో, ఫ్యాక్టరీలలో పనిచేసే యువకులు వందల సంఖ్యలో కిండర్ స్కౌట్ అనే కొండభూమి మీదికి నడిచారు. పొగగొట్టాల నడుమ ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజు గాలి పీల్చుకోవాలంటే, కనుచూపు మేరలో ఉన్న కొండలకు వెళ్ళనివ్వరు. అవి జమీందార్ల వేట మైదానాలు. ఆ రోజున కాపలాదార్లతో తోపులాట జరిగింది. అయిదుగురికి జైలుశిక్ష పడింది. ఆ శిక్షలే ప్రజల సానుభూతిని వారివైపు తిప్పాయి. 1949లో బ్రిటన్‌లో జాతీయ ఉద్యానవనాలకు, పల్లెసీమలలో ప్రవేశానికి సంబంధించిన చట్టం వచ్చింది. పొలాల మీదుగా నడిచే హక్కు కాగితం మీదికి ఎక్కింది.

మాంచెస్టర్ కార్మికులకు కొండలు ఎంత దూరమో, భిలాయి కార్మికులకు శివనాథ్ దాదాపు అంతే దూరం. ఇక్కడ వేటమైదానాలు లేవు, కాపలాదార్లు లేరు. నదికి గేటు వేయడం మన దేశంలో ఎవరికీ తోచదనే అందరూ అనుకున్నారు.

నది చేజారిన కాలం

1998లో, ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉండగా, ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ ఒకటి ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకున్నది. దుర్గ్ దగ్గరి బోరయీ పారిశ్రామిక కేంద్రానికి నీరు సరఫరా చేయడం దాని ఉద్దేశం. గడువు 22 ఏళ్ళు. మోహ్‌లయీ దగ్గర కంపెనీ ఆనకట్ట కట్టుకున్నది. పరిశ్రమలు వాడుకున్నా వాడుకోకపోయినా రోజుకు 40 లక్షల లీటర్లకు తగ్గకుండా డబ్బు చెల్లించవలసిన షరతు ప్రభుత్వ సంస్థ మీద పడింది. సుమారు 23 కిలోమీటర్ల మేర నది ఆచరణలో ఆ కంపెనీ అదుపులోకి వెళ్ళింది.

ఒడ్డు గ్రామాలవారికి ఈ సంగతి కాగితాల ద్వారా తెలియలేదు. వల వేయబోయినవారికి, మోటారు దింపబోయినవారికి, ఎప్పటి మాదిరి రేవులోకి దిగబోయినవారికి అడ్డంకులు ఎదురైనప్పుడు తెలిసింది. "నదిని అమ్మేశారు" అన్న మాట దేశమంతటా మారుమోగింది. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది. 2003లో ఒప్పందం రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2007లో శాసనసభ ప్రజాపద్దుల సంఘం ఒప్పందాన్ని తప్పుపట్టి, రద్దు చేయవలసిందిగా సిఫారసు చేసింది. ప్రకటనలు, సిఫారసులు వచ్చిపోతుండగా ఏళ్ళు గడిచాయి. కాగితం మీద రాసుకున్న 22 ఏళ్ళ గడువు 2020కి నిండింది.

విచిత్రమేమంటే, ఒప్పందానికి రెండేళ్ళ ముందే సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక సూత్రం చెప్పింది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక విడిదికి భూమి ఇవ్వడం, నది ప్రవాహాన్ని మళ్ళించడం వివాదమైన కేసులో 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. నదులు, తీరాలు, అడవులు, గాలి వంటివి ప్రజలందరివీ. ప్రభుత్వం వాటికి యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. ప్రజల సొత్తును ప్రైవేటు లాభానికి ధారపోసే అధికారం ధర్మకర్తకు లేదు. ఇది ఆ తీర్పు సారాంశం. పారే నీరు అందరిదనే భావన రోమన్ న్యాయశాస్త్రం నాటిది. మన పల్లెలో ఈ సూత్రాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. రేవుకు దారి ఉండడమే ఆ సూత్రం.

సూత్రం ఉండి కూడా నది ఎందుకు చేజారింది? కారణాలు అనేకం ఉండవచ్చు. వాటిలో ఒకటి మాత్రం నడిచేవారికి వెంటనే తట్టుతుంది. ఆ నదిలో రోజూ దిగేవారు కొద్దిమంది జాలరులు, రైతులు. వారి గొంతు రాజధానికి చేరడానికి కాలం పట్టింది. పక్కన లక్షలాది మంది ఉన్న జంటనగరంలో, ఆ రేవు తమదని భావించినవారు ఎందరు? చూడని చెరువు ఎండిందని ఎవరు ఏడుస్తారు? ఆదివారం ఆదివారం నదికి నడిచివచ్చే జనం ఉంటే, రేవులో కొత్తగా వేసిన కంచె ఆ వారమే ఊరందరికీ తెలిసిపోతుంది. నడక విహారమే, కాని ఆ విహారం నదికి కాపలా కూడా.

బస్సు చేసే మేలు

ఇందులో బస్సు పాత్ర చిన్నది కాదు. కారున్నవాడు తారురోడ్డు ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతాడు. బండి పెట్టినచోటికే తిరిగి రావాలి. బస్సు దిగినవాడికి ఆ బంధం లేదు. ఒక ఊళ్ళో దిగి, ఏటి వెంబడి నడిచి, వేరొక ఊళ్ళో మరొక బస్సు ఎక్కవచ్చు. దారి అడగక తప్పదు కనుక మనుషులతో మాట్లాడతాడు. "ఏరు ఎటు, కకా?" అని పెద్దమనిషిని అడిగితే, దారి చెప్పడంతో ఊరుకోక ఆయన సగం దూరం తోడు వస్తాడు. కకా అంటే చిన్నాన్న.

ఛత్తీస్‌గఢ్‌లో మన ఆర్టీసీ వంటి రాష్ట్ర రవాణా సంస్థ లేదు. పూర్వపు సంస్థ రాష్ట్ర విభజన తరువాత మూతపడింది. పర్మిట్ల మీద ప్రైవేటు యజమానులు నడిపే బస్సులే పల్లెలకు ఆధారం. పెద్ద రోడ్ల మీద అవి తరచుగా తిరుగుతాయి. చిన్న దారులలో పూటకొకటి దొరికితే గొప్ప. అందుచేత దిగేటప్పుడే తిరుగు బస్సు వేళను కండక్టరును అడిగి పెట్టుకోవాలి.

తెలుగునాట నుంచి వచ్చేవారికి దారి సుగమమే. 2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖపట్నం వందేభారత్ రైలు ప్రారంభమైంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు మేలైన కాలం. వేసవిలో ఎండ దుస్సహం. వానాకాలంలో నల్లరేగడి చెప్పులను వదలదు. ఇసుక తవ్విన గోతులు నీటి అడుగున కనబడవు కనుక తెలియని చోట ఈతకు దిగరాదు. తాగేనీరు, ఒక పూట తిండి వెంట ఉండాలి. తెచ్చిన కాగితాలు, సీసాలు తిరిగి సంచిలోనే ఇంటికి రావాలి.

అసలు ఈ పనికి దుర్గ్ దాకా రానక్కరలేదు. నాగావళి, వంశధార, పెన్న, మూసీ, మంజీర, మున్నేరు; ప్రతి తెలుగు ఊరికి చేరువలో ఏదో ఒక ఏరు ఉన్నది. దాని పక్కగా పోయే పల్లెవెలుగు బస్సూ ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవారికి ఆ బస్సులో టిక్కెట్టు ఖర్చు కూడా లేదు. ఇంటిల్లిపాదీ కలిసి నదికి పోవడానికి ఇంతకంటె మంచి అదను ఎప్పుడు?

సాయంకాలం శివనాథ్ వంతెన దగ్గర బస్సు కోసం నిలబడినవారికి తూర్పున భిలాయి ఆకాశం కనిపిస్తుంది. వెనుక, పడమట, పొద్దు నీటిలోకి దిగుతుంటుంది. రేవులో ఎవరో బట్టలు పిండుకుంటారు. ఎవరో గేదెలను తోలుకొస్తారు. ఒక పిల్లవాడు వల విదిలిస్తాడు. ఎవరినీ ఎవరూ అడ్డగించరు. ఇంతలో బస్సు వస్తుంది. కండక్టరు తలుపు పట్టుకొని వేలాడుతూ "దుర్గ్, దుర్గ్" అని కేక వేస్తాడు. బురద అంటిన చెప్పులతో ఎక్కినవారికి జరిగి చోటిచ్చేవారు ఎలాగూ ఉంటారు.